మారుమాటకు తావు లేని చోట

బుర్రకథ చెప్పే కథకుడికి ఇటొకరు, అటొకరు వంతలుంటారు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. కథకుడు యుద్ధఘట్టాన్ని ఎంత ఆవేశంగా నడుపుతున్నా రాజకీయ వంత మధ్యలో అడ్డు తగులుతాడు. పాత కథను కాసేపు ఆపించి ఇవాళ్టి పన్నుల గురించో, దొరల గురించో నిలదీస్తాడు. ఎదురు ప్రశ్న ఆ కళలోనే ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా చెప్పిన బుర్రకథలంటే పాలకులకు గిట్టకపోవడానికి అదే కారణం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మాభూమి’ నాటకం మీద కూడా మద్రాసు ప్రభుత్వం నిషేధం పెట్టింది.

సమాచార సాధనాల చరిత్రను తిరగేస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. అబద్ధం, అతిశయోక్తి, చాడీ మనిషికి మాట వచ్చిన నాటి నుంచీ ఉన్నవే. కొత్త సాధనం వచ్చినప్పుడల్లా మాట ఇంకా దూరం, ఇంకా వేగంగా పోతుంది. మారుమాట మాత్రం వెనకబడుతుంది. నింద పడ్డవాడు అదే జనానికి, అదే వేళకు, వాళ్ళ భాషలో జవాబు చెప్పుకోలేని చోట ఆ సాధనం ప్రమాదకరమవుతుంది. అచ్చుయంత్రం నుంచి కృత్రిమ మేధ దాకా నడిచిన ఐదున్నర శతాబ్దాల చరిత్రను ఈ కొలతతో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి.

అచ్చు వచ్చిన కొత్తలో

పదిహేనో శతాబ్దం నడుమ జర్మనీలోని మైంజ్‌లో గూటెన్‌బర్గ్ అచ్చుయంత్రం నడిచింది. విజ్ఞానం, మతసంస్కరణ, చదువుల వ్యాప్తి దాని పుణ్యమే. అయితే ఆ శతాబ్దం ముగియకముందే అదే యంత్రం మీద, మంత్రగత్తెలను ఎలా కనిపెట్టాలో, ఎలా విచారించాలో చెప్పే హైన్‌రిఖ్ క్రామర్ పుస్తకం కూడా అచ్చయింది. తరవాత మళ్ళీ మళ్ళీ ముద్రణ పొందింది. ఆ నిందలు మోసిన ఆడవాళ్ళలో చదవగలిగినవాళ్ళే తక్కువ, అచ్చు వేయించగలిగినవాళ్ళు ఎక్కడుంటారు? అటు రోమన్ కాథలిక్ చర్చి 1559లో నిషిద్ధ గ్రంథాల జాబితా తెచ్చి, దాన్ని 1966 దాకా మోసింది. ఒకవైపు జవాబు లేని ఆరోపణ, మరోవైపు ప్రశ్నను పుట్టకుండా చేసే నిషేధం. తరవాతి కథంతా ఈ రెంటి మధ్యే నడిచింది.

మన దేశంలో ఆ కథ 1780 జనవరి 29న కలకత్తాలో హికీ పెట్టిన ‘బెంగాల్ గెజెట్’తో మొదలైంది. గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్‌నే ఎత్తిపొడిచిన హికీ జైలుకు వెళ్ళాడు. 1782లో అతని అచ్చు సరంజామా జప్తయింది. 1799లో మరో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ, అచ్చుకు ముందే సర్కారు చూసి సరేననాలన్నాడు. 1835లో మెట్కాఫ్ కొంత ఊపిరి పోశాడు. 1878లో లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టం వీటన్నిటికంటే తెలివైనది. ఇంగ్లిషు పత్రికల జోలికి అది పోలేదు. దేశభాషల్లో రాసేవాళ్ళ నుంచి మాత్రం మేజిస్ట్రేటు పూచీకత్తు అడగొచ్చు, ప్రెస్సు జప్తు చేయొచ్చు. ఆ నిర్ణయం మీద కోర్టుకెక్కే వీలు లేదు. ‘అమృత బజార్ పత్రిక’ రాత్రికి రాత్రి ఇంగ్లిషు పత్రికగా మారిపోయి ఆ వలను తప్పించుకుంది. పాలకుడి భయమేమిటో ఆ చట్టంలోనే కనిపిస్తుంది. విమర్శను అతను ఎలాగో భరిస్తాడు. ఆ విమర్శ ఊరి రచ్చబండ మీద, ఊరివాళ్ళ భాషలో వినబడితేనే భరించలేడు.

తెలుగునాట ఆ దెబ్బ తొలిరోజుల్లో తిన్నవాడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. బెజవాడ నుంచి వెలువడిన ‘స్వరాజ్య’ పత్రికలో వచ్చిన వ్యాసానికి 1908లో రాజద్రోహ నేరం మీద జైలు పాలయ్యారు. అదే ఏడాది బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా మొదలుపెట్టారు. 1914లో అది మద్రాసుకు తరలి దినపత్రిక అయింది.

మారుమాట ఎలా చెప్పాలో నేర్పిన ఘట్టం మాత్రం హైదరాబాదు సంస్థానంలో ఉంది. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యమన్న ధోరణిలో ఒకరు రాస్తే, ‘గోలకొండ పత్రిక’ సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి తిట్లకు దిగలేదు. 354 మంది కవుల వివరాలు, రచనలు కూర్చి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. జవాబు అచ్చు వేసుకోవడానికి చేతిలో ఒక పత్రిక ఉంది కాబట్టి ఆ మాట అక్కడితో ఆగింది. లేకపోతే అదే సాహిత్యచరిత్రగా చలామణీ అయిపోయేదే. పద్నాలుగేళ్ళ తరవాత, 1948 ఆగస్టులో, అదే హైదరాబాదులో సంస్థానం భారతదేశంలో కలవాలని రాసిన ఉర్దూ పత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు చంపారు. రాసే చేతిని నరికేశారు. వాదనలో నెగ్గలేనివాడి ఆఖరి ఆయుధం ఎప్పుడూ అదే.

తీగ మీద కత్తిరింపు

టెలిగ్రాఫు వచ్చాక మొదటిసారి వార్త మనిషి కంటే, గుర్రం కంటే ముందు పోవడం మొదలుపెట్టింది. జవాబుకు ఆ వేగం అందలేదు. 1870 జులైలో ఎమ్స్ పట్నం నుంచి ప్రష్యా రాజు తన ప్రధాని బిస్మార్క్‌కు ఒక తంతి పంపాడు. ఫ్రెంచి రాయబారితో జరిగిన సంభాషణ అందులోని విషయం. బిస్మార్క్ దానికి అబద్ధం ఒక్కటీ చేర్చలేదు. మర్యాద మాటలు తీసేసి, కురచ చేసి పత్రికలకు ఇచ్చాడు. చదివిన ఫ్రెంచివాళ్ళకు తమ రాయబారికి అవమానం జరిగినట్టు, జర్మన్లకు తమ రాజుకు అవమానం జరిగినట్టు అనిపించింది. జులై 19న ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించింది. ఇవాళ గంట ప్రసంగంలోంచి పది సెకన్ల ముక్క కోసి ఫోన్లలోకి వదిలేవాళ్ళకు బిస్మార్క్ పేరు తెలిసినా తెలియకపోయినా, వాళ్ళు అతని శిష్యులే.

ఆ ఏడాదే రాయిటర్స్, హవాస్, వోల్ఫ్ అనే మూడు వార్తాసంస్థలు ప్రపంచాన్ని వంతులేసుకుని పంచుకున్నాయి. బ్రిటిష్ సామ్రాజ్యం రాయిటర్స్ వాటాకు వచ్చింది. మన కరువు వార్త లండన్ కళ్ళతోనే లోకానికి చేరింది. దీనిమీద అసంతృప్తి నూరేళ్ళకు గాని పైకి రాలేదు. 1980లో యునెస్కో మెక్‌బ్రైడ్ కమిషన్ నివేదిక వార్తల ప్రవాహం ఒకే దిక్కున సాగుతోందని తేల్చింది. ఆ కమిషన్‌లో మన బి.జి.వర్గీస్ సభ్యుడు. ఆ చర్చ నచ్చని అమెరికా 1984 చివర యునెస్కోనుంచి తప్పుకుంది.

గాలిలో ఒకే గొంతు

రేడియోతో చదువు రానివాడికీ మాట చేరింది. అందులోని ప్రమాదాన్ని అందరికంటే ముందు అవకాశంగా చూసినవాడు నాజీ జర్మనీ ప్రచారమంత్రి గోబెల్స్. 1933లో ‘ప్రజా రేడియో’ పేరుతో 76 మార్కులకే సెట్టు మార్కెట్లోకి వచ్చింది. 1938 నాటికి 35 మార్కుల చిన్న సెట్టు వచ్చింది. దేశమంతా వినాలన్నదే లక్ష్యం. యుద్ధం మొదలవగానే విదేశీ కేంద్రాలు వినడాన్ని నేరం చేశారు. విన్నది పదిమందికీ చెబితే మరణశిక్ష దాకా పోయింది. సెట్టు చవక చేయడం, చెవులకు గడియ వేయడం ఒకే పథకంలోని రెండు భాగాలు.

మన దగ్గర ఆ గొంతుకు ఎదురుపాట పాడినవాళ్ళున్నారు. క్విట్ ఇండియా రోజుల్లో, నాయకులంతా జైళ్ళలో ఉన్నప్పుడు, బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా ‘కాంగ్రెస్ రేడియో’ నడిపారు. చోటు మార్చుకుంటూ 1942 ఆగస్టు చివరి నుంచి నవంబరులో పోలీసులు పట్టుకునేదాకా సాగించారు. స్వాతంత్ర్యం వచ్చాక మాత్రం ఆ రహస్య ప్రసారం ఎందుకు అవసరమైందో ఎవరూ తలుచుకోలేదు. ఆకాశవాణిని ప్రభుత్వ శాఖగానే ఉంచేశారు. ప్రసారాల మంత్రి బి.వి.కేస్కర్‌కు సినిమా పాటలు చౌకబారుగా కనిపించి, 1952లో అవి రేడియోనుంచి దాదాపు మాయమయ్యాయి. శ్రోతలు ధర్నాలు చేయలేదు. నాబు తిప్పి రేడియో సిలోను పెట్టుకున్నారు. చివరికి 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టింది. కేస్కర్ హయాంలో జరిగింది పెద్ద దౌర్జన్యమేమీ కాదు. అయినా ఒక మంత్రి అభిరుచి కోట్ల మందికి సంస్కృతి కాబోయింది. ఇంకో స్టేషను ఉండబట్టి ఆగింది.

ఎదురు గొంతు వినబడని చోట ఏమవుతుందో 1994లో రువాండా చూపించింది. 1993 జులైలో మొదలైన ఆర్‌టీఎల్‌ఎం రేడియో సర్కారు రేడియోలా బిగుసుకుపోయి ఉండేది కాదు. మంచి పాటలు వేసేది, జోకులు వేసేది, శ్రోతలతో ఫోన్లో మాట్లాడేది. ఆ సరదాల మధ్యే టుట్సీ తెగవాళ్ళను బొద్దింకలనేది. ఏప్రిల్‌లో మారణకాండ మొదలయ్యాక ఎవరెక్కడ దాక్కున్నారో పేర్లతో సహా చెప్పింది. వంద రోజుల్లో లక్షల మంది హతమయ్యారు. 2003 డిసెంబరులో అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆ రేడియో స్థాపకుల్లో ఇద్దరికీ, ‘కంగూరా’ పత్రిక సంపాదకుడికీ శిక్షలు వేసింది. శ్రోత ఫోన్ చేసి మాట్లాడినంత మాత్రాన ఏ సాధనమూ ప్రజాస్వామికం అయిపోదని ఆ రేడియో రుజువు చేసింది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషికి మైకు అందిందా అన్నదే అడగాలి.

ఒకే ఏడాది, రెండు ప్రయోగాలు

1975 జూన్ 25 రాత్రి ఢిల్లీ బహదూర్‌షా జఫర్ మార్గ్‌లో పత్రికల ప్రెస్సులకు కరెంటు ఆగిపోయింది. తెల్లారేసరికి ఎమర్జెన్సీ, వెంటనే సెన్సారు. కొన్ని పత్రికలు సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేసి నిరసన చెప్పాయి. 1976 మొదట్లో పి.టి.ఐ., యు.ఎన్.ఐ., ఇంకో రెండు వార్తాసంస్థలను కలిపేసి ‘సమాచార్’ అనే ఒకే ముద్ద చేశారు. ప్రభుత్వ కార్యక్రమానికి పాడనన్నందుకు కిశోర్‌కుమార్ పాటలు ఆకాశవాణిలో ఆగిపోయాయి. 1976 జులైలో అలీన దేశాల సమాచార మంత్రులు ఢిల్లీలో సమావేశమై, పాశ్చాత్య వార్తాసంస్థలు తమ గొంతు నొక్కుతున్నాయని వాపోయారు. ఆ సభ వార్త కూడా సెన్సారు నీడలోనే అచ్చయింది.

ఎమర్జెన్సీ వచ్చిన నెలా వారానికి, 1975 ఆగస్టు 1న, ఇంకో ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు నేరుగా దిగాయి. సైట్ అని పిలిచిన ఈ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. తెలుగులో వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి చూపించారు. సంకల్పం గొప్పది, సాంకేతికంగా అప్పటికి ప్రపంచంలోనే పెద్ద ప్రయత్నం. అయినా మాట ఆకాశం నుంచి పల్లెకు దిగిందే గాని పల్లె నుంచి పైకి పోయే దారి అందులో లేదు. పంచాయతీ అరుగు మీద టీవీ ముందు కూర్చున్న రైతుకు ఎరువుల వాడకం తెలిసింది. ఎరువు అందడం లేదని చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేడు.

1977 ఫిబ్రవరిలో ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ప్రతిపక్షాల సభ జరిగిన సాయంత్రం దూరదర్శన్ ‘బాబీ’ సినిమా వేసింది. జనం సినిమా వదులుకుని సభకు పోయారు. జవాబు చెప్పాలని గట్టిగా అనుకున్న రోజున జనాన్ని ఏ తెరా ఆపలేదు. కాకపోతే అలాంటి రోజులు ఏ దేశ చరిత్రలోనైనా అరుదు.

అక్షరం నేర్చిన ఊరు, అమ్ముడైన వార్త

నెల్లూరు జిల్లా దూబగుంటను తలుచుకోకుండా తెలుగువాళ్ళ మీడియా చరిత్ర చెప్పలేం. 1990ల మొదట్లో అక్షరాస్యతా కేంద్రాల్లో ఆడవాళ్ళు చదువుకున్నారు. చదివిన పాఠాల్లో తమ బతుకే కనిపించింది. మగవాళ్ళ కూలి డబ్బు సారా దుకాణంలో కరిగిపోవడం గురించి మాట్లాడుకున్నారు. రోసమ్మ వంటివాళ్ళు ముందు నిలిచి దుకాణం మూయించారు. ఆ వార్త తిరిగి పాఠమైంది. ‘ఈనాడు’ వంటి పత్రికలు దాన్ని రాష్ట్రమంతా చేర్చాయి. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఇక్కడ అచ్చుమాట చదివినవాళ్ళు దానికి జవాబు చెప్పారు, ఆ జవాబు మళ్ళీ అచ్చయింది. పత్రిక ప్రజల చేతిలో సాధనమయ్యే తీరు అది.

పదిహేనేళ్ళు తిరిగేసరికి దృశ్యం మారింది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల ప్రచారం వార్తల రూపంలో, రేటు కట్టి, అచ్చయింది. దీని మీద ప్రెస్ కౌన్సిల్ వేసిన ఉపసంఘంలో పరంజయ్ గుహ ఠాకుర్తాతోపాటు మన కె.శ్రీనివాసరెడ్డి ఉన్నారు. వాళ్ళు 2010లో ఇచ్చిన 71 పేజీల నివేదికను కౌన్సిల్ మొదట పూర్తిగా బయటపెట్టలేదు. కుదించిన నివేదికతో సరిపెట్టింది. కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గాని మొత్తం వెలుగు చూడలేదు. డబ్బున్న అభ్యర్థి వార్త వేయించుకుంటాడు, లేనివాడు పోటీలో ఉన్నాడన్న సంగతే పాఠకుడికి తెలియదు. అబద్ధం కంటే ఈ మౌనం ఖరీదైనది.

1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ఏడాదే తెలుగులో ప్రైవేటు చానళ్ళు వచ్చాయి. ఇవాళ వాటికి లెక్క లేదు. ఏ చానల్ ఏ పార్టీది అన్నది ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకే సభ ఒక చానల్లో జనసంద్రం, ఇంకో చానల్లో ఖాళీ కుర్చీలు. చర్చావేదికలో నలుగురిని కూర్చోబెట్టి నాలుగు గొంతులూ ఒకేసారి వదిలితే మారుమాటకు చోటిచ్చినట్టు కనిపిస్తుంది. విన్నవాడికి ఒక్క మాటా మిగలదు. సర్కారు గుత్తాధిపత్యం పోయిన చోట పార్టీల పంపకం వచ్చింది. ప్రజల ఆస్తి మాత్రం ప్రజల చేతికి రాలేదు.

అందరి చేతుల్లోనూ మైకు

1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్యులకు ఇంటర్నెట్ వచ్చింది. ఇక ఎవరి మాట వాళ్ళు చెప్పుకుంటారు, గుత్తాధిపత్యాలు కూలిపోతాయి అని ఆశపడ్డాం. సగం నిజమైంది. చెప్పుకునే హక్కు అందరికీ వచ్చింది. ఎవరికి వినబడాలన్నది మాత్రం కంపెనీల లెక్కల చేతిలోకి పోయింది.

2018లో బయటపడ్డ కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం దీనికి మచ్చుతునక. దాదాపు 2.7 లక్షల మంది ఒక క్విజ్ యాప్ వాడితే, వాళ్ళ స్నేహితుల ద్వారా 8.7 కోట్ల మంది ఫేస్‌బుక్ వివరాలు చేతులు మారాయి. ఆ మాయాజాలం నిజంగా ఓట్లు మార్చిందా అన్నది వాదోపవాదాల విషయం. తేలికగా మరచిపోయే సంగతి వేరే ఉంది. గోడ మీద రాసిన నినాదాన్ని ప్రత్యర్థి చూస్తాడు, పక్క గోడ మీద జవాబు రాస్తాడు. ఒక్కొక్క మనిషి భయాన్ని పట్టి అతని ఫోన్లో మాత్రమే కనిపించే ప్రకటనను ప్రత్యర్థి చూడనే చూడడు. చూడనిదానికి ఏం జవాబు చెబుతాడు?

అదే ఏడాది మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ ముఠాలు తిరుగుతున్నాయంటూ తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ సందేశాలు చెలరేగాయి. ఊరికి కొత్తవాళ్ళు, బిచ్చగాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో అడుక్కుని బతికే సంచారజాతివాళ్ళు ఐదుగురిని కొట్టి చంపారు. ఆ తరవాతే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చోట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు. పోలీసులను ఊరూరా పంపి డప్పు కొట్టించి, జానపద బాణీల్లో పాటలు కట్టించి, ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. పుకారు ఎక్కడికి చేరిందో అక్కడికే, ఆ భాషలోనే, అనుమానం అడిగే వీలున్న మనిషి నోటితో జవాబు చేరింది.

మన భాష వాళ్ళ లెక్కలో ఎక్కడుంది?

రాజకీయ ప్రమాదం పక్కనే భాషాపరమైన ప్రమాదం ఉంది. మయన్మార్‌లో ఇంటర్నెట్ అంటే ఫేస్‌బుక్కే అన్నంతగా అది అల్లుకుపోయింది. 2015 మొదట్లో ఆ కంపెనీకి బర్మీ భాష చదవగలిగిన పరిశీలకులు ఇద్దరే ఉన్నారని రాయిటర్స్ బయటపెట్టింది. 2017 ఆగస్టు తరవాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ద్వేషాన్ని ఆపడానికి తాము చేయాల్సినంత చేయలేదని ఫేస్‌బుక్ 2018లో ఒప్పుకుంది. కంపెనీకి అర్థం కాని భాషలో బెదిరింపు స్వేచ్ఛగా తిరుగుతుంది. అదే భాషలో పెట్టిన ఫిర్యాదు మూలన పడి ఉంటుంది.

తెలుగు దానికి మరీ దూరంగా లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం తెర మీదికి వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. దిద్దుబాటు కొద్ది రోజుల్లోనే వచ్చినా, ఎనిమిది కోట్ల మంది భాషలో అంత మామూలు అక్షరాన్ని ముందుగా ఎవరూ పరీక్షించలేదన్నది దాచలేని నిజం. మన నిర్లక్ష్యమూ తక్కువేం కాదు. 1991 నుంచి యూనికోడ్‌లో తెలుగు ఉన్నా, ఏళ్ళ తరబడి ఒక్కో పత్రిక ఒక్కో సొంత ఫాంటులో, డీటీపీ కేంద్రాలు అను ఫాంట్లలో టైపు కొట్టాయి. ఆ కాలంలో రాసిందంతా కంప్యూటర్లో ఉన్నా వెతికితే దొరకదు. ఇవాళ కృత్రిమ మేధ నెట్లో దొరికిన పాఠాలనుంచే నేర్చుకుంటుంది కాబట్టి, దానికి తెలిసిన తెలుగులో ఆ తరం సంపాదకీయాలు, వాదాలు, ఊరి వార్తలు చాలామటుకు లేవు. 2023 నవంబరులో అదే కృత్రిమ మేధతో నటి రష్మిక ముఖాన్ని మరొకరి శరీరానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. అంత పేరున్న నటి కనుక ఖండించగలిగింది, కేసు నడిచింది. ఊళ్ళో ఒక కాలేజీ పిల్లకు అదే జరిగితే ఆమె మాట ఎన్ని ఫోన్లకు చేరుతుంది?

ఏం అడగాలి?

ఇన్ని ప్రమాదాలు చూశాక కఠిన చట్టం కావాలని అనిపించడం సహజం. చరిత్ర ఆ కోరికను జాగ్రత్తగా వాడుకోమంటోంది. ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ ‘చిరాకు’ తెప్పించే మాటకూ జైలంది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా కార్టూన్లకూ, ఫేస్‌బుక్ రాతలకూ జనం లోపలికి వెళ్ళారు. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఇంటర్నెట్ ఆగింది. అక్కడ మళ్ళీ 4జీ రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. పుకార్లతో పాటు వాటిని ఖండించే మాటా ఆగిపోయింది. తన గురించి వచ్చిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చే విభాగం పెట్టుకోవాలని కేంద్రం 2023లో నిబంధన తెస్తే, మరుసటి ఏడాది బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది. వాది, న్యాయమూర్తి ఒకరే కావడం 1878 నాటి మేజిస్ట్రేటు పద్ధతి.

కాబట్టి మాటను ఆపే చట్టాలకంటే మారుమాటకు దారి వేసే చట్టాలను అడగడం మేలు. ఎవరిని నిందించారో వాళ్ళ వివరణను అదే పేజీలో, అదే వేళకు వేయడం పత్రికలకు, చానళ్ళకు విధి కావాలి. చానల్ యాజమాన్యంలో ఎవరి డబ్బు ఉందో ప్రేక్షకుడికి కనిపించాలి. ఎన్నికల ప్రకటన ఏదైనా, ఎవరికి చూపించినా, అందరూ చూడగలిగే చోట భద్రపరచాలి. తెలుగులో కోట్లు గడించే వేదిక తెలుగు తెలిసిన పరిశీలకులు ఎంతమంది ఉన్నారో లెక్క చెప్పాలి. నెట్ ఆపాలంటే కారణం రాతపూర్వకంగా బయటపెట్టాలి. ఇవేవీ కొత్త యంత్రాలు కనిపెట్టాల్సిన పనులు కావు. అడిగే ఓటరు, రాసే విలేకరి, వినే కోర్టు ఉంటే చాలు. వచ్చే సాధనం ఏదో ఇప్పుడు చెప్పలేం. అది ఎంత తెలివైనదో, ఎంత వేగమైనదో పొగుడుతూ అమ్మవచ్చినవాళ్ళను ముందుగా అడగాల్సిన ప్రశ్న మాత్రం ఈ ఐదున్నర శతాబ్దాలు తేల్చేశాయి: ఇందులో నా గురించి తప్పు చెబితే, దాన్ని విన్నవాళ్ళందరికీ నా జవాబు వినిపించే దారి ఏది? ఆ దారి చూపించలేని సాధనాన్ని నమ్మకంగా ఇంట్లోకి రానివ్వక్కర్లేదు.